మంచంలో పోయిన గార మేస్త్రి

మొన్న బుధవారం పొద్దున కల్లూరు నుంచి మనిషి వచ్చి మా బావ పోయాడని చెప్పినప్పుడు, నా నోట మొదట వచ్చిన మాట, "యాడ పడినాడు?"

"పడల్యా మేస్త్రీ. వారం నుంచి జెరమంట. మంచంలోనే పోయినాడు," అన్నాడతను.

గోడలకు సున్నపు గార పూసే మావాళ్ళలో మంచంలో పోయినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గోడ పక్కన వెదుళ్ళు, తాళ్ళతో సారవ కట్టి, దాని మీద నిలబడి చేసే పని మాది. మా నాయన అట్లాంటి సారవ మీద నుంచి పడే పోయాడు. అందుకే బావ సంగతి వినగానే ఏడుపుకంటే ముందు అసూయ వచ్చింది. మీరు నన్ను ఏమనుకున్నా సరే, ఆయన గురించి రాస్తూ అబద్ధం రాయలేను.

ఆయన నా భార్యకు అన్న. ఇద్దరం చెరొక ముఠా పెట్టుకుని అవే ఊళ్ళు తిరిగేవాళ్ళం. పొద్దున్నే మనుషులను పైకెక్కించే ముందు ఆయన ఒక్కొక్కరినీ "సంగటి తిన్నావా?" అని అడిగేవాడు. తినలేదంటే తన గిన్నె ముందుకు తోసేవాడు. ఖాళీ కడుపుతో ఎక్కితే కళ్ళు తిరుగుతాయని ఆయన భయం. మా ఇంట్లో ఈ ముచ్చట రోజూ వడ్డనతో పాటు వచ్చేది. "మాయన్న ఎవురినీ ఆకలితో ఎక్కనీడు," అనేది నా భార్య, నా కంచంలో పప్పు పోస్తూ. ఆ పప్పు నాకు సహించేది కాదు.

పనిలో కూలీ పడితే పని పట్టినవాళ్ళే పరిహారం ఇవ్వాలని చట్టం వచ్చాక, ఒక బీమా కంపెనీ మనిషి కర్నూలుకు వచ్చాడు. ఎత్తు మీద పని కాబట్టి మాకు రేటు ఎక్కువన్నాడు. నేను నవ్వి లేచి వచ్చేశాను. బావ కట్టాడు. కట్టి, ఆ మేరకు తన రేటు పెంచి, ఇల్లు కట్టించేవాళ్ళతో దాచకుండా, "దీంట్లో మనుషుల బీమా గూడా ఉండాదప్పా," అని చెప్పేవాడు. వాళ్ళు మెల్లగా లేచి నా దగ్గరికి వచ్చేవాళ్ళు. అట్లా పనులన్నీ నాకు దొరికాయి, మనుషులు మాత్రం ఆయనకే దొరికారు. నా దగ్గర చేయి తిరిగిన ప్రతివాడూ ఏదో ఒక సాకు చెప్పి అటు జారుకునేవాడు. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూస్తూ కూర్చునేవాణ్ణి.

అన్నిటికంటే, ఇప్పుడందరూ కుంటాయన అని పిలిచే కూలీ సంగతి నన్ను కాల్చేసింది. అతను నా పనిలోనే పడ్డాడు, నందికొట్కూరులో ఒక వ్యాపారి మిద్దెకు కట్టిన సారవ మీద నుంచి. తాడు పాతది. ఇంకొక పని గడుస్తుందిలే అని నేనే కట్టించాను. కాలు విరిగితే వారం కూలి చేతిలో పెట్టి ఇంటికి పంపేశాను. కొన్ని నెలలకు బావ అతన్ని పిలిపించుకున్నాడు. అతనికిచ్చిన పని ఒకటే, పొద్దున్నే సారవ చుట్టూ తిరిగి ముడులన్నీ తడిమి చూడటం. అతను సరే అనేదాకా ఎవరూ ఎక్కకూడదు, బావతో సహా.

"కుంటోణ్ణి ఊరికే పెట్టుకోని కూలి ఇస్తాండావే," అని నేను ఎగతాళి చేశాను.

"కట్టినోనికన్నా పడినోనికి ముడి సంగతి బాగా తెలుస్తాది బావా," అన్నాడు.

నేను విరగ్గొట్టిన కాలుతో ఆయన మంచిపేరు తెచ్చుకున్నాడు. ఆదివారం చర్చిలో అయ్యగారు కూడా ఆయన్ను మెచ్చుకుంటూ మాట్లాడారు. ఆ రోజు కీర్తన నా గొంతు దాటలేదు.

ఒకసారి నేను బాగా ఎత్తైన మిద్దె పని పట్టినప్పుడు, బావ కుంటాయనను వెంటబెట్టుకుని పిలవకుండానే వచ్చాడు. నా పనిలో మీకేం పని అని అరిచాను.

"నీకేమన్నా అయితే ఏడ్చేది నా చెల్లెలు గదా," అన్నాడు.

మూడు చోట్ల తాళ్ళు విప్పించి, తన కొత్త తాళ్ళు కట్టించి పోయాడు. ఆ పనిలో ఎవరూ పడలేదు. అది ఆయన చలవేనని ఇంతవరకు నా భార్యతో కూడా అనలేదు. ఇప్పుడంటున్నాను, ఆయనకు వినబడకపోయినా.

సమాధి చేసిన మర్నాడు అయ్యగారు పిలిచి, బావ సగంలో వదిలిన చర్చి గోడను నన్ను పూర్తి చేయమన్నారు. ఆయన ముఠాతోనే చేయాలి. ఎన్నేళ్ళుగానో నేను ఆశపడ్డ మనుషులు. సోమవారం అందరికంటే ముందుగా తాపీ పట్టుకుని సారవ ఎక్కాను. వాళ్ళు నా వెనకే ఎక్కుతారనుకున్నాను. ఒక్కరూ కదలలేదు.

కుంటాయన గోడ దగ్గరికి వచ్చి తలెత్తాడు. "దిగు మేస్త్రీ. నేనింకా సూడల్యా."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అందరూ చూస్తుండగా దిగాను. అతను కర్ర ఊతగా ఒక్కొక్క వెదురు దగ్గరా ఆగి ముడులు తడుముతున్నాడు. బావ మట్టిలో ఉన్నా వాళ్ళు ఆయన మాటకే కట్టుబడి నిలబడ్డారు. నేను బతికుండి, పక్కనే ఉన్నా, నా వైపు ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ కుంటాయన చేతి మీదే ఉన్నాయి. వరుసలో చివర నిలబడి నేనూ ఆ చేతినే చూస్తూ, అతను ఎప్పుడు సరే అంటాడా అని ఎదురుచూశాను.