మందపాటి చేతుల ఫ్రేము

ఇవాళ మధ్యాహ్నం ఒక అబద్ధం చెప్పాను. నాకున్న ఒకే ఒక్క స్నేహితుడికి చెప్పాను.

ఏలూరులో ఒక్కణ్ణే ఉంటాను. వారమంతా ఆఫీసులో పని మాటలు తప్ప నాతో మాట్లాడేవాళ్లు లేరు. ఆదివారం మాత్రం తాడేపల్లిగూడెం నుంచి ఒక మాస్టారు, చర్చి అయ్యాక, బండి మీద వస్తారు. ఇద్దరికీ రేసింగ్ డ్రోన్ల పిచ్చి. దెందులూరు దగ్గర చేపలు పట్టేసి ఎండగట్టిన చెరువు ఉంటే, నెర్రెలిచ్చిన ఆ మట్టిలో ప్లాస్టిక్ పైపులు పాతి వాటి మధ్య నుంచి ఎగరేస్తాం. మళ్లీ నీళ్లు పెట్టేదాకా అదే మా మైదానం.

ప్రాక్టీసు డ్రోనుకి ఫ్రేము, అంటే నాలుగు చేతుల చివర మోటార్లు బిగించే చట్రం, కొనేటప్పుడే మాస్టారు చెప్పారు.

"రోజూ కిందపడేదానికి అందమెందుకండీ? చేతులు మందంగా ఉండాలి. ఒకటి విరిగితే మరలు విప్పి అదొక్కటే మార్చుకునేలా ఉండాలి. చవకది కొనండి, ధైర్యంగా ఎగరేస్తారు."

తల ఊపి, నాలుగు సన్నటి చేతులూ ఒకే పలకలో కోసిన ఫ్రేము తెప్పించుకున్నాను. ఫొటోలో బాగుంది మరి. ఇవాళ రెండో చుట్టులోనే పైపుకి తగిలి ఒక చెయ్యి విరిగింది. దాంతో ఫ్రేమంతా పోయినట్టే.

"పెళ్లికి కొన్నారా, ప్రాక్టీసుకి కొన్నారా అండీ?" అని నవ్వి, మాస్టారు తన డ్రోను నాకిచ్చారు. "పక్క చెరువు వైపు మాత్రం వెళ్లకండి. పిట్టలు వాలకుండా దారాలు కట్టారు."

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. పక్క చెరువు మీదికే తిప్పాను. కెమెరాలో దారాలు ఎండకి మెరుస్తూ కనిపించాయి. వాటి కింద నుంచి దూర్చి చూపిద్దామనుకున్నాను. డ్రోను చిక్కుకుని, గట్టు వారన నీళ్లలో పడింది.

"దారాలు కనపడలేదండీ," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "అయినా మీ ఫ్రేము బరువండీ, తిప్పితే తిరగదు. నాసిరకం."

మాస్టారు పైపులు పీకి, మట్టి దులిపి, బండికి కట్టుకుని, డ్రోను నీళ్లలోనే వదిలి వెళ్లిపోయారు. వచ్చే ఆదివారం ఎన్నింటికని అడగలేదు.

ఎండిన చెరువులో పైపుల గుంతలు మిగిలాయి. ఆయన పరిచయం కాకముందు నా ఆదివారాలు గుర్తొచ్చాయి. టీవీ పెట్టుకుని, దానివైపు చూడకుండా పడుకునేవాణ్ణి.

ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాను. చెరువు కాపలాదారు వెదురుకర్ర తెచ్చి వెతకసాగాడు.

"ఏవండీ, దీనికీ మేత వెయ్యమంటారా?"

బురదలోంచి తీశాం. రెక్కలు విరిగాయి. ఫ్రేముకి చిన్న పగులు కూడా లేదు.

ఇంటికి తెచ్చి కడిగాను. నీళ్లు తాగిన మోటార్లూ కెమెరా తీసేసి, నా డ్రోనులోవి విప్పి దీనికి బిగించాను. కొత్త రెక్కలు పెట్టాను. సాయంత్రం బస్సెక్కాను.

తలుపు తీసిన మాస్టారు డ్రోను అందుకుని ఒక్కో చెయ్యీ వంచి చూశారు.

"మోటార్లు నావి కావే?"

"నావండీ. ఉంచుకోండి."

"దారాలు నిజంగా కనపడలేదా?"

"కనపడ్డాయండీ. మీరు నవ్వారని వెళ్లాను. ఫ్రేము తప్పేం లేదు."

ఆయన డ్రోను వైపే చూస్తూ నిలబడ్డారు. లోపలికి రమ్మనలేదు. నేను ఫోను తీశాను.

"చేతుల మందం ఎంత తీసుకోమంటారండీ?"

ఆయన చెప్పారు. గుమ్మంలో నిలబడే, అదే ఫ్రేముకి ఆర్డరు పెట్టాను.