కొల్లేటి వంతెన మీద వీర్రాజు

ఏలూరు డిపో డ్రైవరు వీర్రాజుకి మతి చలించిందనీ, స్టీరింగు పట్టుకుని తనలో తానే మాట్లాడుకుంటున్నాడనీ మొన్న ముదినేపల్లిలో చెప్పుకున్నారు. ఆ బస్సులో వచ్చిన పెద్దమనిషి ఒకాయన కళ్లారా చూశాడట. "గూడబాతు, రెయిలింగు అని గొణుక్కుంటున్నాడండీ బాబూ. కైకలూరులో దిగి వేరే బస్సెక్కానండీ" అన్నాడట. ఆ మాట తిరిగి తిరిగి వీర్రాజు భార్య వెంకటనరసమ్మ చెవిన పడింది. ఆవిడ బాధపడలేదు సరికదా, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఎందుకు నవ్విందో తెలియాలంటే కిందటి మంచుకాలం నుంచి చెప్పుకు రావాలి.

ఆ పొద్దున్న కొల్లేటి మధ్య వంతెన మీద, అద్దం అవతల ఏమీ కనపడనంత మంచులో చేపల లోడు లారీ ఒకటి ఎదురుగా మీదికొచ్చేసింది. వీర్రాజు బస్సును రెయిలింగుకి రాసుకుంటూ పక్కకు తీసి ఆపాడు. బస్సు నిండా జనం. ఒక్కరికి గీత కూడా పడలేదు. డిపో గేటు దగ్గర మీటింగు పెట్టి ఆయనకి దండ వేసి శాలువా కప్పారు. అందరూ కలిసి చేసిన పొరపాటు అదే. శాలువా కప్పించుకున్న మనిషి మర్నాడు భయమేస్తోందని ఏ నోటితో అంటాడు?

వంతెన దగ్గరకొచ్చేసరికి ఆయన కాలు బ్రేకు మీద బిగుసుకుపోయేది. ఆ తర్వాత ఆ వంతెన మీదుగా వెళ్లే కైకలూరు డ్యూటీ పడినప్పుడల్లా కడుపునొప్పి మొదలయ్యేది. తోటి డ్రైవర్లు మర్యాదస్తులు. ఎందుకని అడిగేవారు కాదు. "అన్నయ్యగారూ, ఈ ట్రిప్పు నేను లాగేస్తాను లెండి. మీరు తాడేపల్లిగూడెం వెళ్లండి" అనేవారు. ఆ మర్యాదకి ఆయన మరింత కుంగిపోయాడు. ఇంట్లో ముద్ద దిగేది కాదు. చివరికి డిపో మేనేజరు పిలిచి, కౌన్సెలింగుకి వెళ్లమనీ, అప్పటికీ ఆ రూటు నడపలేకపోతే స్టీరింగు మాన్పించి గ్యారేజీలో వేస్తాననీ చెప్పేశాడు. చిన్నప్పుడు పళ్లెం స్టీరింగులా పట్టుకుని వీధంతా నోటితో హారను కొట్టుకుంటూ తిరిగిన మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

కౌన్సెలరు హిమబిందు వారానికోసారి డిపోకి వచ్చేది. టైర్ల గది పక్కన ఆవిడ గది. భార్యని కూడా తీసుకురమ్మంది.

"ఎలా ఉన్నారండీ?" అని అడిగింది.

"బాగానే ఉన్నానండీ" అన్నాడు వీర్రాజు.

"నిద్ర పడుతోందా అండీ?"

"పడుతోందండీ. మీ దయ."

వెంకటనరసమ్మకి ఒళ్లు మండింది. "ఏవండీ, ఎవరికండీ బాగుంది? నిద్దట్లో మంచం కోడుని బ్రేకనుకుని తన్నేస్తున్నారు. మంచం విరిగితే మేడంగారు కొనిపెడతారా?"

హిమబిందు పకపకా నవ్వింది. వీర్రాజు కూడా నవ్వబోయి, తల దించుకుని ఏడ్చేశాడు. "శాలువా కప్పేశారండీ మేడం. ఇప్పుడెలా చెప్పనండీ?"

"శాలువా మీరు చేసిన పనికి కప్పారండీ. ఇక మీకు భయం వెయ్యకూడదని ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు కదా" అందావిడ.

ఆ తర్వాత చాలా వారాలు వాళ్లు ఆ గదిలో కూర్చుని మాట్లాడుకున్నారు. గుండె దడ మొదలవగానే కళ్ల ముందున్న వాటిని పైకి చెప్పమంది హిమబిందు. అప్పటి లారీ కాదు, ఇప్పుడు ఎదురుగా ఏముందో అది. మొదట ఆ రూటు బస్సులో ప్రయాణికుడిలా కూర్చుని చెప్పాడు. తర్వాత శిక్షణ ఇచ్చే ఆయన్ని పక్కన పెట్టుకుని ఖాళీ బస్సు నడుపుతూ చెప్పాడు. చివరికి కైకలూరు డ్యూటీ వేశారు.

ఆ రోజు వెంకటనరసమ్మ ముందు సీట్లో కూర్చుని టిక్కెట్టు డబ్బులతో చెయ్యి చాపింది.

"మీకు టిక్కెట్టేంటండీ వదినగారూ!" అన్నాడు కండక్టరు గోపీనాథ్.

"కొట్టవయ్యా బాబూ. మా ఆయన బస్సు ఊరికే ఎక్కుతానా?"

వంతెన కనపడింది. బస్సు నెమ్మదించింది. ఆవిడ ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుంది. ఇక్కడ ఆగిపోతే ఆయన మళ్లీ స్టీరింగు పట్టడని ఆవిడకి తెలుసు.

"ఎడం పక్క గూడబాతు" అన్నాడు వీర్రాజు. "కుడి పక్క రెయిలింగు. ఎదర సైకిలు మీద గడ్డిమోపు. అవతల దారి ఖాళీ."

వెనక సీట్లో ముసలావిడ ఊరుకోలేదు. "ఏం నాయనా, మాకు కళ్లు లేవా?"

"కొల్లేరు చూపిస్తున్నాడండీ మామ్మగారూ. వేరే టిక్కెట్టు లేదు" అన్నాడు గోపీనాథ్.

"మరి ఆ కొంగల్నొదిలేశాడే!"

బస్సంతా గొల్లుమంది. "కొంగలండీ మామ్మగారూ, బోలెడున్నాయండీ" అన్నాడు వీర్రాజు. ఆ మాట పూర్తయ్యేలోపు బస్సు వంతెన దిగింది. గేరు మార్చిన చప్పుడు వెంకటనరసమ్మ చెవికి ఎంతో ఇంపుగా వినిపించింది. లేచి నిలబడి అందరికీ చెప్పాలనిపించింది. సిగ్గుపడి, ముసలావిడ వైపు మాత్రం వంగింది.

"మా ఆయనేనండీ" అంది.

ఇప్పుడు తనకోసమైతే వీర్రాజు వంతెన మీద ఏమీ చెప్పుకోనక్కర్లేదు. ముదినేపల్లి పెద్దమనిషి చూసిన రోజున ఇంజను పక్క సీట్లో దత్తసాయి ఉన్నాడు. భీమవరం సర్వీసులో యాక్సిడెంటయ్యాక స్టీరింగు ముట్టుకోలేకపోతున్న డ్రైవరతను. హిమబిందు అడిగితే, వీర్రాజు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని దారి ఎలా చెప్పుకోవాలో నేర్పుతున్నాడు.