సూరమ్మ పుస్తకాలూ మా ట్యాబూ

2022 వానాకాలం. శ్రీకాకుళంలో ఒక కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుగా అప్పటికి నాకు తొమ్మిదేళ్ల అనుభవం. చూపు కొలిచి అద్దాలు రాయడం ఆప్టోమెట్రిస్టు పని. అందులో నాది లో విజన్ విభాగం. మందులు, ఆపరేషను, అద్దాలు, ఏవీ ఇక పోయిన చూపును తీసుకురాలేవని డాక్టరుగారు చెప్పేశాక నా గదికి పంపుతారు. మిగిలిన చూపుతో పనులు చేసుకోవడం ఎలాగో నేర్పడం నా బాధ్యత. నా గదికి వచ్చేసరికే చాలామంది ఒకసారి ఏడ్చి ఉంటారు.

సూరమ్మ ఏడవలేదు. గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, ఇక్కడ సదవడం నేర్పుతారంట?" అంది.

అరవై ఆరేళ్ల మనిషి. పొందూరులో ఖద్దరు నూలు వడుకుతుంది. తోడికోడలు పార్వతి ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సూరమ్మ కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఖద్దరు గుడ్డ అట్ట వేసిన పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది. కంటి పరీక్షకు తన పుస్తకం తనే తెచ్చుకున్న మనిషిని నేను అంతవరకు చూడలేదు.

"ఎలా కనిపిస్తోంది మామ్మా?"

"అచ్చరం కేసి సూస్తే అచ్చరం ఉండదు. సుట్టూ ఉన్నవి ఉంటాయి. ఏది సూస్తే అదే మాయమైపోతన్నాది."

మాక్యులా దెబ్బతిన్న కంటిని పాఠ్యపుస్తకం కూడా అంత బాగా వర్ణించలేదు. కంటి వెనక పొర నడిమి భాగాన్ని మాక్యులా అంటాం. అక్షరాలనూ ముఖాలనూ పోల్చుకునే సూటి చూపు అక్కడిదే. వయసు మీద పడ్డాక కొందరిలో అది అరిగిపోతుంది. పక్క చూపు మాత్రం మిగులుతుంది. అందుకే సూరమ్మ నడవగలదు, వండగలదు, చేతి వాటం మీద నూలు కూడా వడకగలదు. చదవలేదు, అంతే.

భూతద్దాలు ఒకటొకటిగా ఇచ్చి చూశాను. నాలుగు మాటలు చదివేసరికి వరస తప్పిపోతోంది. చివరికి ట్యాబ్ తీసి, అందులో ఉన్న ఒక తెలుగు కథను నల్ల తెర మీద తెల్లని అక్షరాలుగా, ఒక్కో అక్షరం నిమ్మకాయంత చేసి చూపించాను. తడబడుతూనే ఒక వాక్యం చదివింది. నాకు సంబరమైపోయింది. ఆ సంబరంలో నోరు జారాను.

"ఇందులో వందల పుస్తకాలు పడతాయి మామ్మా. ఇంట్లో ఉన్న అచ్చు పుస్తకాలతో మీకింక పనిలేదు. ఏ బడికో ఇచ్చేయండి."

ఆమె ట్యాబును మెల్లగా బల్ల మీద పెట్టింది. తన పుస్తకాన్ని సంచిలో సర్దుకుంది. "సరే అమ్మా, ఎల్లొస్తాం" అని లేచింది. తర్వాత రెండుసార్లు రమ్మన్న తేదీలకు రాలేదు. ఫైల్లో 'నాట్ మోటివేటెడ్' అని రాసేశాను. నేర్చుకోవాలన్న ఆసక్తి లేని పేషెంటు అని దానర్థం.

నెల దాటాక పొందూరులో మా ఆసుపత్రి క్యాంపు పెట్టింది. మధ్యాహ్నానికి పని అయిపోయింది. సూరమ్మ ఇల్లెక్కడని అడిగితే, "సదువుల సూరమ్మా? ఆ సందులోకి ఎల్లు. గొంతు ఇనిపిస్తాది" అన్నారు.

నిజంగానే వినిపించింది. అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు రాట్నాలు తిప్పుతున్నారు. ఒకామె పొందూరు పాత పద్ధతిలో, వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వుతోంది. అరుగు అంచున సందుకు వీపు పెట్టి కూర్చుని, ఒళ్లో పుస్తకం తెరుచుకుని, సూరమ్మ గడగడా చదివేస్తోంది.

నాకు మతిపోయింది. నా గదిలో నాలుగు మాటలు చదవలేని మనిషి! చప్పుడు చేయకుండా ఆమె వెనక్కి వెళ్లి పుస్తకంలోకి చూశాను. సూరమ్మ చెబుతున్నది వంశధారకు వరద వచ్చి, ఒక పెళ్లికూతురి పడవ దారి తప్పిన వైనం. పేజీలో ఉన్నది ఎవరో ఇద్దరు అన్నదమ్ముల పొలం తగాదా. వరదా లేదు, పడవా లేదు. అయినా ఆమె ఆగాల్సిన చోట ఆగుతోంది, వేలితో పేజీ తిప్పుతోంది.

పత్తి దువ్వుతున్నామె, "అప్పా, ఆ పడవ గుంటడు కిందటేరం సచ్చిపోనాడన్నావు కదే?" అంది.

"సచ్చింది ఆడి అన్నయ్యే" అంది సూరమ్మ, తడుముకోకుండా.

అందరూ వెళ్లిపోయాక, వాళ్లతో పాటు రాట్నం తిప్పుతున్న పార్వతి నేను వెనక నిలబడి చూసిన సంగతి చెప్పింది. సూరమ్మ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "సూసేసేవు కదా" అంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలలు. తెలిసిన కతలు ముందు గురుతున్నంత సెప్పేను. అవి అయిపోనాయి. ఇప్పుడు కట్టి సెప్తన్నాను. పుస్తకం పట్టుకుని అబద్దం సెప్తన్నానమ్మా. అది తట్టుకోలేకే నీకాడికొచ్చేను."

ముప్ఫై ఎనిమిదో ఏట వయోజన విద్య కేంద్రంలో ఆమె అక్షరాలు దిద్దిందట. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఆ అరుగు మీద చదివి వినిపిస్తోంది. రాట్నం తిప్పే చేతులకు పని ఉంటుంది, చెవులు మాత్రం ఖాళీయే కదా అంటుంది. జాతర్లలో, బస్టాండు దుకాణాల్లో ఒక్కొక్కటిగా కొన్న పుస్తకాలు అరవై దాకా ఉన్నాయి. అన్నిటికీ ఖద్దరు అట్టలే. ప్రతి పుస్తకం మొదటి పేజీలో పెద్ద పెద్ద అక్షరాలతో ఆమె రాత: ఎప్పుడు మొదలుపెట్టింది, ఎవరెవరు విన్నారు, ఎక్కడ ఎవరు ఏడ్చారు.

"ఇవి బడికిచ్చేస్తే, నాను సదూకున్నానని సాచ్చెం ఏటున్నాది?" అంది.

నాకు తల ఎత్తుకోవడం కష్టమైంది. "తప్పు మాట అన్నాను మామ్మా" అన్నాను. "అన్నావు" అంది. కోపంగా కాదు, లెక్క సరిచూసినట్టు.

క్యాంపు సంచిలో ట్యాబూ, దాని స్టాండూ ఉన్నాయి. స్టాండు మీద ట్యాబు బిగించి, కెమెరా కింద ఆమె పుస్తకమే పెట్టాను. దీన్ని వీడియో మ్యాగ్నిఫయర్‌గా వాడటం అంటాం. కింద ఉన్న కాగితమే పైన తెర మీద ఎంత కావాలంటే అంత పెద్దగా కనిపిస్తుంది. మొదటి పేజీ తెర మీదికి వచ్చింది. ఆమె తల అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కుంది. ఒక్కో అక్షరమే పట్టుకుని చదివింది.

"పా... ర్వ... తికి జొరం. నాలుగు రోజులు... సదవలేదు."

వెనక నిలబడ్డ పార్వతి, "ఓలమ్మ, నా జొరం కూడా రాసేవేటప్పా!" అని నవ్వబోయి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సూరమ్మ మాత్రం తెర వదలలేదు. ఇంకో పుస్తకం తెమ్మంది. తర్వాత ఇంకోటి. తన రాతలన్నీ తనే చదువుకుంటూ పోయింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లగానే ఫైల్లో నేను రాసిన ఆ మాట కొట్టేశాను.

ఆ తర్వాత ఆరు వారాలు వారానికోసారి పార్వతితో బస్సులో వచ్చింది. ఎక్సెంట్రిక్ వ్యూయింగ్ నేర్పాను. అంటే అక్షరాన్ని సూటిగా చూడకుండా, కాస్త పైకో పక్కకో చూసి, బాగున్న చూపులో దాన్ని పట్టుకోవడం. ఇది చెప్పడం తేలిక, అలవడటం కష్టం. జీవితమంతా సూటిగా చూసిన కన్ను మాట వినదు. సూరమ్మ రెండో వారానికే పట్టేసింది. ఎలాగని అడిగితే నవ్వింది.

"సన్న నూలు సూటిగా సూస్తే కనపడదమ్మా. ఓరగా ఎలుతురు కేసి సూడాల. నాకది కొత్తేటి?"

మరో అయిదుగురికి పాఠం చెప్పేటప్పుడు నేను ఆ మాటే వాడాను.

అరుగు మీద మళ్లీ నిజంగా చదివే రోజున నన్ను కూడా పిలిచింది. ఆసుపత్రి ఆమెకు ఇచ్చిన ట్యాబు ముందు కూర్చుని, చదవడానికి ముందు తల దించుకుని చెప్పింది.

"ఇన్ని నెలలుగా నాను సదివింది పుస్తకంలో లేదు. కళ్లు అవుపించక కట్టి సెప్పేను. తప్పు కాయండి."

రాట్నాలు ఆగాయి. పత్తి దువ్వే ఆమె, "మాకు తెల్సులేయే" అంది. "సచ్చినోడు లేచొచ్చినప్పుడే తెల్సింది. నిజంగా సదువుతన్నావా అని ఒకళ్లమైనా అడిగేమా? కత బాగున్నాది, ఊరుకున్నాం. ఇంతకీ ఆ పెళ్లికూతురు ఒడ్డెక్కిందా లేదా, అది సెప్పి సదువు."

సూరమ్మ ముఖం అంతలా వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు పెళ్లికూతుర్ని ఒడ్డెక్కించింది. ఆ తర్వాత అన్నదమ్ముల పొలం తగాదా మొదటి నుంచి చదివింది. నెమ్మదిగా, వాక్యానికో మాట దగ్గర ఆగుతూ, ఉన్నది ఉన్నట్టు చదివింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ట్యాబు మీద ఆమెకు కోపమేమీ లేదు. మర్నెలలో, "అప్పుడెప్పుడో వందల పుస్తకాలన్నావు, అవి సూపించు" అని అడిగింది. పొందూరులో దొరకని కథలెన్నో అందులో చదివింది. అక్షరాన్ని వేలితో సాగదీసిన ప్రతిసారీ "బలే వస్తువమ్మా" అంటుంది. మనసుకు హత్తుకున్నది ఏదైనా తగిలితే మాత్రం దాని అచ్చు ప్రతి తెప్పించుకుంటుంది. అట్ట వేస్తుంది. మొదటి పేజీ కెమెరా కింద పెట్టి, తెరలో చూసుకుంటూ, ఎవరు విన్నారో రాస్తుంది. ఒకటి చదవడానికి, ఒకటి ఉంచుకోవడానికి. రెంటికీ ఆమె ఇంట్లో చోటుంది.

చూపు ఎంత మిగిలిందో కొలవడం నాకు వచ్చు. ఆ చూపుతో ఆ మనిషి ఎవరికోసం ఏం చేస్తోందో అడగడం మాత్రం నాకు అప్పటికి రాలేదు. ఇప్పుడు నా గదికి ఎవరొచ్చినా మా చార్టు తీసే ముందు, "ఇంటి నుంచి మీరు చదివేదేదైనా తెచ్చారా?" అని అడుగుతాను. తేకపోతే, మళ్లీ వచ్చేటప్పుడు తెమ్మంటాను. ఒకరు పాత ఉత్తరాలు తెస్తారు, ఒకరు పూజ పుస్తకం, ఒకరు కొడుకు మార్కుల కాగితం. ముందు అది చదివిస్తాను. ఏ పరికరం ఇవ్వాలో ఆ తర్వాతే ఆలోచిస్తాను.