కొత్తవాడికి ఇచ్చిన మూల మగ్గాలు

మా బావ జీవితంలో ఒక్కసారి కూడా బాస్కెట్‌బాల్ పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు. అయినా నాలుగేళ్లు మా ఇద్దరికీ కలిపి ఒక జట్టు ఉండేది. ఫోన్‌లో ఆడే ఆట అది. ఆడటమంటే మనం గెంతేదేమీ ఉండదు. ఆటగాళ్లను వేలంలో కొనుక్కోవాలి, ఎవరు ఎక్కడ నిలబడాలో, బంతి ఎవరి చేతుల మీదుగా పోవాలో ముందే రాసిపెట్టాలి. వారానికి రెండుసార్లు కంప్యూటరే మ్యాచ్ ఆడించి స్కోరు చెబుతుంది. పత్రికలో పనిచేస్తూ ఆటల పేజీ చూసే రోజుల్లో నాకు పట్టుకున్న అలవాటు. ఉద్యోగం మానేసి సూరత్ వచ్చి, గోడాదరాలో అక్కావాళ్ల వీధిలోనే ఇల్లు తీసుకున్నాక బావకూ అంటించాను.

బావ డిండోలి దగ్గర ఒక మరమగ్గాల షెడ్డులో మాస్టరు. ఏ కారిగర్‌కు, అంటే ఏ పనివాడికి, ఏ మగ్గాలు ఇవ్వాలి, ఎవరిని పెట్టుకోవాలి, ఎవరిని పంపాలి అన్నది ఆయన చూసి చెబితే సేటు సరే అంటాడు. అందుకే ఈ ఆట ఆయనకు తొందరగా ఎక్కింది. ఆదివారం భోజనాలయ్యాక చాప మీద బోర్లా పడుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఆటగాళ్ల అంకెలన్నీ ఒక్కొక్కటే చదివేవాడు.

ఆ ఏడు మా జట్టులో పాత పొడుగువాడు తప్పుకున్నాడు. ఆ ఆటలో మనుషులకు వయసు కూడా వస్తుంది. మూడు సీజన్లు బుట్ట కింద నిలబడి గెలిపించినవాడు, ఒకరోజు పేరు పక్కన చిన్న గుర్తు పడి మాయమైపోయాడు. అతని స్థానంలోకి ఇంకో జట్టు నుంచి ఒక పొడుగువాణ్ని కొన్నాం. అక్కడ వరసగా అయిదు మ్యాచ్‌ల్లో దుమ్ము లేపినవాడు. మా దగ్గరికి వచ్చిన మొదటి మ్యాచ్‌లో ఆరు పాయింట్లు. రెండోదాంట్లో నాలుగు.

“కొత్తల్లుడు గద,” అన్నాడు బావ. “అత్తగారింట్ల రెండో గంటె పెట్టుకోనీకె సిగ్గువడతడు. జర ఆగు బామ్మర్దీ.”

ఆగాం. మూడో మ్యాచ్‌లో అయిదు.

ఆ వారంలోనే షెడ్డులో కూడా ఒక మనిషి తప్పుకున్నాడు. చివరి గోడ దగ్గరి ఎనిమిది మగ్గాలు పదకొండేళ్లు నడిపిన ముసలి కారిగర్. కళ్లు మసకబారి పోగు తెగినా కనిపించని స్థితి వచ్చి, ఊరికి వెళ్లిపోయాడు. అతనిది ఎడమచేతి వాటం. అతని బదులు ఎవరున్నారని బావ అడిగితే నేనే ఒక పేరు చెప్పాను. అంతకుముందు వేసవిలో చుట్టాల పెళ్లికి భివండీ వెళ్లినప్పుడు ఒక షెడ్డులో చూశానతన్ని. మాకు దూరపు బంధువు, నలభై లోపు మనిషి. నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేదాకా అతని మగ్గాల్లో ఒక్కటీ ఆగలేదు. ఈ మధ్యే ఆ షెడ్డు మూతపడిందని తెలిసింది. ఫోన్ చేశాను. భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని రెండు ట్రంకుపెట్టెలతో సోమవారం పొద్దున్నే దిగాడు.

షరతు అందరికీ ఉన్నదే. పదిహేను రోజుల పరీక్ష. బట్ట శుభ్రంగా, సేటు అనుకున్నన్ని మీటర్లు వస్తే ఎనిమిది మగ్గాలూ, వాటితోపాటు షెడ్డు వెనక గదీ అతనివే. రాకపోతే రెండూ లేవు. కూతురు నాలుగో తరగతి. బడిలో ఎప్పుడు వేస్తావని అక్క అడిగితే, “పదిహేను రోజులు గానీ అక్కా. మళ్ల పేరు తీపిచ్చుడు, పేరు రాపిచ్చుడు, పోరి పరేషాన్ అయితది,” అన్నాడు. అప్పటిదాకా ఆ గదిలోనే దిగారు. ఆ పిల్ల రోజంతా గడప మీద కూర్చుని, వచ్చేపోయే టెంపోలు చూసేది.

శనివారం నేను షెడ్డుకు వెళ్లాను. ఆ చప్పుడులో మాట వినపడదు, అందుకే కళ్లు ఎక్కువ పనిచేస్తాయి. చివరి గోడ దగ్గర పాత కారిగర్ తన చేతికి తగ్గట్టు చేసుకున్న ఏర్పాట్లన్నీ అలాగే ఉన్నాయి. నూలు కండెల డబ్బా ఎడమ పక్కన. మగ్గాన్ని ఆపే పిడికి గుడ్డపేలికలతో తాడు కట్టి, ఎడమవైపు నుంచే లాగడానికి వీలుగా అడ్డంగా తెచ్చి ముడేశాడు. పడుగు చుట్టిన బీముకు వేలాడే బరువుల పైన, బిగువు పెరగడానికి, అదనంగా రెండేసి ఇటుక ముక్కలు. కొత్తాయన పోగు తెగినప్పుడల్లా మగ్గం ఆపడానికి కుడిచేయి చాపి, ఖాళీ గాలిలో ఒక క్షణం ఆపి, తర్వాత ఎడమకు తిరిగేవాడు. అంతలో బట్టలో వేలెడు మేర చార పడేది. చూశాను. చూడటమే చేశాను. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసిన మనిషికి చూసింది గుర్తుపెట్టుకోవడం వస్తుంది, అక్కడికక్కడ నోరు విప్పడం రాదు.

బయట చాయ్ దగ్గర అడిగాను, ఎలా ఉందని.

“నడుస్తుందన్నా. మాల్ జర గట్టిగ వస్తుంది, అంతే. నా చేయి ఇంకా కుదురలే.”

“మాస్టరుకు చెప్పరాదూ?”

“ఏమని చెప్పాలె? వారం కాలేదు, అప్పుడే మగ్గం మంచిగలేదంటే ఏమనుకుంటరు? చేతగానోనికి నేల వంకర అంటరు.”

మా నేత కుటుంబాల్లో ఒక పట్టింపు ఉంది. పరీక్షలో ఉన్నవాడు మగ్గం మీద వేరేవాడు కట్టిన ముడి విప్పడు. మగ్గం ఇంకా అతనిది కాదు. పని ఖాయమైన రోజు పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాత పాత తాళ్లన్నీ తెంపి తన చేతి ప్రకారం కట్టుకుంటాడు. ఈ సంగతి మా నాన్న నోట విన్నాను. ఆ చాయ్ దగ్గర మాత్రం నాకది గుర్తు రాలేదు.

రెండో ఆదివారం బావ ముఖం బాగాలేదు. పప్పన్నం సగంలో వదిలేసి చేయి కడుక్కున్నాడు.

“నీ భివండీ మనిషి అయ్యేటట్టు లేడు. బట్ట నిండ చారలే. రేపు సేటు వద్దంటడు.”

“అక్కడ నేను నా కళ్లతో చూశాను బావా.”

“ఎంతసేపు చూసినవ్?”

చాయ్ తాగినంతసేపు. ఆ మాట చెప్పలేకపోయాను. మేం పొడుగువాణ్ని కొన్నదీ అలాగే, అతని అయిదు మంచి మ్యాచ్‌లు చూసి. చెడ్డ వారాల్లో ఉన్నవాడి వైపు ఎవరూ చూడరు. మంచి వారం చూసి తెచ్చుకుంటాం. వచ్చాక అతను మామూలు మనిషిగా ఆడితే పడిపోయాడంటాం. ఆ ఆట ఆడేవాళ్లు ఫోరంలో దీని గురించి పేజీలకు పేజీలు రాస్తుంటారు. కొన్నవాళ్లు ఎందుకు ఆడరు, జట్టుతో కుదరక, ఆడకుండా కూర్చుని చేయి మొద్దుబారి, ఇలా చాలా. అన్నీ కొంతకొంత నిజమే.

“ఈ పొడుగోన్ని సుత అమ్మేద్దాం,” అన్నాడు బావ. వేలానికి పెట్టాం. ఇంకెవరిని కొందామా అని చూస్తూ, జట్టు ఎలా ఆడాలో రాసిపెట్టే పేజీ తెరిచాను. దాన్ని తెరిచి మూడు సీజన్లయింది. పాత పొడుగువాడికి కాళ్లలో వేగం లేదని, బంతిని నెమ్మదిగా తీసుకొచ్చి బుట్ట కిందే అతనికి అందించమని అప్పట్లో మేమే రాశాం. అది అలాగే ఉంది. కొత్తవాడు పరుగెత్తి ఎగిరేవాడు. ఇన్ని మ్యాచ్‌లూ వాణ్ని పోయినవాడి చోట, పోయినవాడిలా నిలబెట్టి, ఆడటం లేదన్నాం.

నేను ఫోన్ కింద పెట్టి అన్నాను: “బావా, ఆ మూల మగ్గాలకు పేలికలు కట్టి ఉన్నాయి.”

“ఎరుకే. ముసలాయనవి.”

“ఇతను విప్పలేదు.”

“విప్పుకుంటడనుకున్న. నేనేమన్న వద్దన్ననా?”

“పరీక్షలో ఉన్నవాడు విప్పడు కదా.”

బావ కళ్లజోడు తీసి చాప మీద పెట్టాడు. ఆయనా నేత ఇళ్లలో పుట్టినవాడే. సిరిసిల్లలో మొదటి మగ్గం దగ్గర ఆయనా ముడి ముట్టకుండా నిలబడినవాడే. మాస్టరయ్యాక ముప్పై ఏళ్లలో మరిచిపోయాడు.

“నువ్వు పోయినవారం షెడ్డుకొచ్చి చూసినవ్ గద,” అన్నాడు. “అప్పుడే జెప్తే ఏం పోయె నీ సొమ్ము?”



సోమవారం పొద్దున బావ సేటును ఇంకో నాలుగు రోజులు అడిగాడు. సేటు అప్పటికే వేరే మనిషికి మాట ఇచ్చేశాడు. సాయంత్రానికి గది ఖాళీ అయింది. ట్రంకుపెట్టె రెండో కొసను నేను పట్టుకున్నాను. పేలికల సంగతి చెబుదామనుకున్నాను. చెబితే ఇంకా బాధపడతాడని ఊరుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. మరునాడు బావే కత్తెర పట్టుకుని ఆ తాళ్లన్నీ కత్తిరించి, ఇటుకలు తీసి బయట పారేశాడు. సేటు మాట ఇచ్చిన ఆ వేరే మనిషి వచ్చి వారం తిరక్కుండా మీటర్లు ఎక్కించాడు. అతనికి పసుపూ కొబ్బరికాయా అయ్యాయి.

పొడుగువాణ్ని మాత్రం అమ్మలేదు. వేలంలో ఇంకా ఎవరూ పాడలేదు కనుక వెనక్కి తీసుకోవడానికి ఆట ఒప్పుకుంది. పాత రాత చెరిపి కొత్తది రాశాం. తర్వాతి మ్యాచ్‌లో ఇరవై రెండు పాయింట్లు కొట్టాడు. బావ స్కోరు చూసి ఫోన్ నాకిచ్చేశాడు. ఆ తర్వాత ఆయన ఆ ఆట ముట్టుకోలేదు. జట్టును నేనొక్కణ్నే నడుపుతున్నాను, ఎందుకో తెలియదు.

మూడు నెలలకు బట్టల మార్కెట్ మెట్ల మీద ఆ భివండీ మనిషి ఎదురయ్యాడు. వీపు మీద చీరల మూట, మెడ దగ్గర కుట్లు ఊడిన చొక్కా. నన్ను చూసి మూట గోడకు ఆనించి నిలబడ్డాడు. అమ్మాయి బడి గురించి అడిగితే, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

“మూల మగ్గాలు ఎట్ల నడుస్తున్నయన్నా?”

“బాగానే నడుస్తున్నాయి,” అన్నాను. తర్వాత, అప్పటికే ఆలస్యమైన మాట కూడా అన్నాను. “మీరు వెళ్లాక మాస్టరు ఆ పేలికలన్నీ కత్తిరించేశాడు. ఇటుకలు కూడా తీసేశాడు.”

అతను మెట్ల వైపు చూశాడు. కుడిచేయి దానంతటదే ముందుకు వచ్చి, గాలిలో ఆగి, మూట తాడు మీద పడింది.

“విప్పొచ్చునా అన్నా అవి?” అన్నాడు.

వెనక నుంచి ఎవరో దారి ఇమ్మని గుజరాతీలో అరిచారు. మూట సర్దుకుని మెట్లెక్కాడు.