ఎండబెట్టిన పడవ

నేను చెప్పిన మాటను మా ఊళ్ళో ఎవరూ ఉన్నదున్నట్టు పుచ్చుకునేవారు కాదు. మాది చిట్టమూరు పక్క ఊరు, నాది బట్టలు కుట్టే పని. 1960ల మొదట్లో ఒకనాడు మిషను తొక్కుతూ, మా ఊరి పక్క ఉప్పుకాలువలో బయలుదేరి పులికాట్ సరస్సు దాటి, అవతల అరవదేశంలోని పళవేర్కాడు దాకా ఒక్కణ్ణే తెడ్డు వేసుకుంటూ వెళ్ళొచ్చానని చెప్పేశాను. దారిలో ఓ చేప నా తెడ్డు లాక్కుందనీ, బతిమాలితే తిరిగి ఇచ్చిందనీ కూడా చెప్పాను.

ఆ రోజు చొక్కా కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళలో చేపలు పట్టే పెద్దాయన ఒకడున్నాడు. అంతా విని, తన పాత పడవ ఇస్తానన్నాడు.

“ఇంకోతూరి పోయిరా అబ్బయా. తోడుగా అబద్ధమాడని మనిషిని ఒకణ్ణి తీసకపో.”

అందరూ మా బావ వైపు చూశారు. మా అక్క మొగుడు, వడ్రంగి. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నా మూడు ముక్కల్లో ముగించే మనిషి. ఇక వెళ్ళక తప్పదు. వెళ్ళకపోతే మర్నాటి నుంచి నా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని నా కబుర్లు వినేవాడుండడు.

బయలుదేరేదాకా పడవలో రాళ్ళేసి, కాలువ ఒడ్డున తమ పడవల పక్కనే ముంచి ఉంచమన్నాడు పెద్దాయన. అక్కడే నాకు అనుమానం తగిలింది. ఇచ్చిన పడవను ముంచమనేవాడు మన మంచి కోరేవాడేనా? ఎద్దులబండి మాట్లాడి పడవను ఇంటికి తెచ్చి, మిషను దగ్గర్నుంచి కనపడేలా వాకిట్లో పెట్టాను. నెల రోజులు ఎండలో భద్రంగా ఉంది.

ప్రయాణానికి ముందురోజు మా బావ దాని పక్కన గొంతుక్కూర్చుని, చెక్కల అతుకుల వెంట గోరు పోనిస్తూ కనిపించాడు. మర్నాడు పొద్దున సద్దిమూటతో బాటు ఖాళీ నూనెడబ్బా, పాతగుడ్డలు తెచ్చాడు. పనిముట్ల సంచిలోంచి బరమా పిడి బయటికి కనపడుతోంది. పడవ ప్రయాణానికి చెక్కకు బొక్కలు పెట్టే సామాను ఎందుకు? కాలువ దగ్గర పెద్దాయన పడవను తడిమి చూసి, ఈపొద్దు వద్దు, నాలుగు దినాలాగమన్నాడు. నేను వెనక్కి తగ్గానని ఊరంతా చెప్పుకోవడానికి కాబోలనుకుని తెడ్డందుకున్నాను.

రెండు ఫర్లాంగులు పోకముందే పడవలో చీలమండల దాకా నీళ్ళు. మరి కాసేపటికి పిక్కల దాకా. మా బావ, ఎవరూ చెప్పకుండానే, డబ్బాతో తోడి పోస్తున్నాడు. ముందే తెలిసినవాడిలా ఆ తోడడం చూసి నా ఒళ్ళు మండింది.

“నిన్న పడవ కాడ నీకేం పని బావా?”

“చెక్కలు విచ్చినాయేమోనని చూస్తా ఉండినా. చెప్తే నువ్వు నమ్మవు గదా.”

“బొక్క పెట్టింది నువ్వే గదా?”

ఆయన తోడటం ఆపాడు. డబ్బాను నా ముందు పెట్టి, సంచి నెత్తిన పెట్టుకుని, రొమ్ములోతు నీళ్ళలోకి దిగి ఒడ్డుకు నడిచిపోయాడు. తోడేవాడు లేక పడవ నాతో సహా మెల్లగా నీళ్ళలోకి దిగింది. చేపలవాళ్ళు నన్ను బయటికి లాగారు. పడవను అక్కడే వదిలేశారు.

ఐదోనాడు వెళ్ళాను, ఆ బొక్కను పదిమందికీ చూపించాలని. చేపలవాళ్ళు నలుగురు పట్టి పడవలోని నీళ్ళు గుమ్మరించారు. అతుకులన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. చుక్క ఊరలేదు. బొక్క అసలే లేదు, అంగుళమంగుళం వెతికాను. చెక్క ఎండితే విచ్చుకుంటుందట, నానితే ఉబ్బి మూసుకుంటుందట. వాళ్ళ పడవలు నీళ్ళలో మునిగి ఉండటం రోజూ చూసినవాణ్ణే. తడిపి ఆరెయ్యనిదే కోరాగుడ్డకు కత్తెర పెట్టనివాణ్ణి, చెక్క సంగతి ఒక్క మాట అడగలేకపోయాను.

పడవను మళ్ళీ ముంచి, వారం తర్వాత మా అక్క ఇంటికి వెళ్ళాను. బావ చిత్రిక పడుతున్నాడు. తలెత్తలేదు.

“ముంచిపెట్టినా బావా. వారమైంది. కావిలి కూడా కాయలేదు.”

“కాయలేదా?”

“రెండు పూటలా పోయి కర్రతో పొడిచి చూసినా. అంతే.”

చిత్రిక ఆగింది. ఆయన ముఖంలో నవ్వు కనపడలేదు గానీ భుజాలు కదిలాయి.

ఇద్దరం పళవేర్కాడు చేరడానికి రెండున్నర రోజులు పట్టింది. సరస్సులో లోతు తగ్గిన చోట దిగి తోశాం. అరచేతులు బొబ్బలెక్కి తర్వాత నెల రోజులు సూది పట్టలేకపోయాను. ఏ చేపా తెడ్డు అడగలేదు. బావ దారి పొడుగునా డబ్బాను ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. అది తడవలేదు.

తిరిగొచ్చాక బల్ల నిండింది. అందరూ మా బావనే అడిగారు. “పోయినాం,” అన్నాడు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. అప్పుడు పెద్దాయన నా వైపు తిరిగాడు.

“అయితే నువ్వు పోవడం ఇది రెండోతూరి.”

బావ నా వంకే చూస్తున్నాడు.

“లేదన్నా, ఇదే మొదటితూరి,” అన్నాను.

ఇందులో ఏం మెలిక ఉందోనని అందరూ నా ముఖంలోకి అనుమానంగా చూస్తూ కూర్చున్నారు.