చేతిని చదివిన ఎల్లమ్మ

రెజిమెంటల్ బజార్‌లో ఎల్లమ్మ ఇల్లెక్కడని అడిగితే, "ఊడ్చే ఎల్లమ్మనా, పాడే ఎల్లమ్మనా?" అని ఎదురడుగుతారు. ఇద్దరూ ఒకరే. పొద్దున స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు ఊడుస్తుంది. సాయంత్రం చర్చిలో కాంతమణి టీచర్ నడిపే పాటల బృందంలో, ఆడవాళ్ళ వరసలో చివర నిలబడి పాడుతుంది. నలభై రెండేళ్ళ మనిషి. బడి ముఖం చూడలేదంటారు. చూడనివ్వలేదనడమే నిజం.

పదకొండేళ్ళ కిందట చర్చి మెట్లు కడగడానికి వచ్చి, లోపల సాధన చేస్తున్న పాటను కూనిరాగం తీస్తూ కాంతమణి చెవిన పడింది.

"పుస్తకం చూసి పాడగలవా?" అని అడిగింది టీచర్.

"అక్షరం రాదమ్మా."

"కళ్ళున్నాయి కదా, నా చెయ్యి చూడు."

దొ, రె, మి, ఫా అని మన సరిగమల్లాంటివే ఇంగ్లీషు స్వరాలు. దొ అంటే నడుము దగ్గర పిడికిలి. మి అంటే బల్లపరుపుగా చాచిన అరచెయ్యి. ఫా అంటే నేలవైపు తిప్పిన బొటనవేలు. ఏడు స్వరాలకూ ఏడు గుర్తులు. గుంటూరు జిల్లా మిషన్ బడిలో చిన్నప్పుడు నేర్చుకున్న ఆ పద్ధతిని, పెళ్ళయి మారేడ్‌పల్లికి వచ్చాక కూడా కాంతమణి వదల్లేదు. ఎల్లమ్మ రెండు నెలల్లో పట్టేసింది. కొత్త పాట వస్తే మిగతావాళ్ళ తలలు పుస్తకాల్లోకి వంగేవి. ఎల్లమ్మ తల ఎత్తే ఉండేది.

ఇప్పుడు ఎనభై ఆరో సంవత్సరం. విదేశంలో జరిగే ఒక బృందగానాల పోటీకి మన దేశం పద్నాలుగేళ్ళుగా ఎవరినీ పంపలేదు. ఎందుకు పంపలేదో ఏ ఫైలూ చెప్పదు. ఇప్పుడు మళ్ళీ పంపుతున్నారు. వడపోతలన్నీ దాటి చివరికి మిగిలింది కాంతమణి బృందం, ఇరవై మంది. ఎంపిక సంఘం తరఫున జోగారావు అనే పెద్దమనిషి వచ్చి ఒక్క పరీక్ష పెట్టి, పేర్ల జాబితా ఖాయం చేయాలి. ముందెప్పుడూ వినని పాటను అప్పటికప్పుడు పాడాలి, అదే పరీక్ష. ఎల్లమ్మకు పోవాలని ఉంది. ఆ కోరికను ఆమె దాచుకోలేదు కూడా. ప్లాట్‌ఫారాల మీద తోటివాళ్ళందరికీ ముందే చెప్పేసింది.

పరీక్ష రోజు చర్చిలో జోగారావు తలా ఒక స్వరాల కాగితం పంచాడు. ఎల్లమ్మ చెయ్యి చాపలేదు.

"నాకొద్దు సారూ. నాకు చదువు రాదు."

జోగారావు కళ్ళజోడు తీసి కాంతమణి వైపు తిరిగాడు. "మేడమ్, ఇన్నేళ్ళకు దేశం మళ్ళీ వెళ్తోంది. చదువురాని మనిషిని అక్కడ నిలబెడితే ఏం బాగుంటుంది? ఈవిడ పక్కవాళ్ళను విని పాడుతుందన్నమాట. పంతొమ్మిది మంది చాలు."

ఎల్లమ్మే అందుకుంది. "పాడకముందే ఎట్ల తీస్తరు సారూ? జెర విన్నంక తీయండి."

కాంతమణి చెయ్యెత్తింది.

అందరూ పాడాల్సింది ఒకటే స్వరవరస. మొదటి రెండు పాదాలు సాఫీగా సాగాయి. మూడో పాదంలో అరచెయ్యి బల్లపరుపుగా చాచుకుంది. ఎల్లమ్మ మి అందుకుంది. పక్కనున్న సలోమి గొంతు మాత్రం ఒక మెట్టు పైన పలికింది. వెనక మగ గొంతులు కూడా అక్కడే ఉన్నాయి. అటు జరగమని చెవి లాగింది. కళ్ళెదుట చెయ్యి మాత్రం మి అనే చెబుతోంది. ఎల్లమ్మ మి మీదనే నిలబడింది. రెండు స్వరాలూ ఒరుసుకుని గరగరలాడాయి. పాట ఆగిపోయింది.

"విన్నారా? నేనన్నది ఇదే," అన్నాడు జోగారావు.

ఎల్లమ్మ ఆయనవైపు చూడలేదు. "మీరు మి చూపించిండ్రు, టీచరమ్మా."

కాంతమణి కాగితం చూసుకుంది. తన అరచెయ్యీ చూసుకుంది.

"తప్పు నాదండీ. ఇక్కడ ఫా ఉంది, నేను మి చూపించాను. పంతొమ్మిది మంది కాగితం చూసుకుని పాడారు. నా చెయ్యి చూసింది ఎల్లమ్మ ఒక్కతే."

"దొరికిపోయినం," అన్నాడు వెనక వరసలోని ఆర్థర్. నవ్వులు ఆగాక జోగారావుతో అన్నాడు: "సార్, పక్కోళ్ళను విని పాడేదైతే మా ఎల్లమ్మక్క మాతోని ఫానే పాడేది కదా."

జోగారావు అప్పటికీ ఒప్పుకోలేదు. చదువుకున్నవాళ్ళకు ఓడిపోవడం అంత తొందరగా చేతకాదు.

"పోనీ మీరే ఏదైనా రాసివ్వండి," అంది కాంతమణి.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని బల్ల మీదికి వంగి పన్నెండు స్వరాలు రాశాడు. కావాలనే మెలికలు తిప్పాడు. కాంతమణి ఈసారి ఒకటికి రెండుసార్లు చదువుకుని చెయ్యెత్తింది. ఎల్లమ్మ ఒక్కతే పాడింది. జోగారావు వేలు కాగితం మీద ఆమె గొంతు వెంట నడిచింది. ఆఖర్న అట్టడుగు నుంచి పైకి ఒక్క గెంతు రాసిపెట్టాడు. నడుము దగ్గరి పిడికిలి విడి, ఏడో స్వరం గుర్తైన చూపుడువేలై లేచింది. ఎల్లమ్మ గొంతు తడబడకుండా ఆ పైమెట్టు మీద వాలింది.

జోగారావు జాబితా ముందుకు లాక్కున్నాడు.

"మీ పూర్తి పేరు చెప్పండమ్మా."

"మేకల ఎల్లమ్మ. మంచిగ రాయండి సారూ. ఇంకోటి సుత రాయాలె, మా పని చూసే ఇన్‌స్పెక్టర్‌కు సెలవు కాగితం. ఎల్లమ్మ దేశం తరఫున పాడనీకి పోతున్నదని రాయండి. నేను చెప్తే నమ్మడు."

జోగారావు ఇంకో తెల్లకాగితం తీసి, ఇన్‌స్పెక్టర్ పేరేమిటని అడిగాడు.