ఆదివారం జీడి నూనె

మా ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బల మీద సరుగుడు, జీడి చెట్ల అడవి ఉండేది. తుపాను గాలి ముందు దాన్ని కొట్టి, అలిసిపోయాకే మా కప్పుల మీదికి వచ్చేది. కాశీబుగ్గలో స్థలాల ధరలు పెరిగిన రోజుల్లో, ఆ అడవి నరికి ఇళ్ల స్థలాలు వేస్తామని పట్నం నుంచి ఎవరో దిగారు. వాళ్లకు దళారి మా మావ, అమ్మకు సొంత తమ్ముడు. కవిటి దగ్గర అత్తవారింట్లో ఉండేవాడు. ఏటా వేసవిలో భుజాన పనసకాయ వేసుకుని మా ఇంటికి వచ్చేవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మాది క్రైస్తవుల ఇల్లైనా ఆ సామెత మాకూ తగిలింది.

ఊరంతా మందిరంలో ఉంటుందని తెలిసే, ఆదివారం పొద్దున మనుషులతో వచ్చాడు. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్న వాక్యం పాస్టరుగారు చెబుతుండగా గొడ్డలి దెబ్బలు వినిపించాయి. అందరం దిబ్బల మీదికి పరుగెత్తాం.

నాన్న ఒకడి గొడ్డలి పట్టుకున్నాడు. వెనక నుంచి మరొకడు కర్రతో కొడితే తల పగిలింది. మందిరానికని వేసుకున్న తెల్లచొక్కా ఎర్రబడింది. మావాళ్లు సరుగుడు కొమ్మలు అందుకున్నారు. కొందరి పళ్లు రాలాయి. ఒకడి మోచెయ్యి విరిగిన చప్పుడు నా చెవులతో విన్నాను. పక్కన నిలబడి చూస్తున్న మావను చంపెయ్యాలనిపించింది.

అమ్మ ఇంటివైపు నడిచింది. వెంట వెళ్లాను. గుమ్మంలో కూర్చుని అరచేతులకు ఆముదం రాసి, పైన బూడిద పులుముకుంది. జీడిపిక్కలు కొట్టే ముందు రోజూ చేసే పనే. తొక్కలోని నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కి ఊడొస్తుంది. కానీ ఆదివారం మా ఊళ్లో ఎవరూ పిక్క ముట్టరు. పడవకు పూయడానికి దాచిన జీడి నూనె చెంబులో పోసుకుని లేచింది.

"అప్ప నన్నేటీ సెయ్యదురా, నరకండి!" మేం దిబ్బల మీదికి చేరేసరికి మావ ఇంకా అరుస్తున్నాడు.

"నిన్ను సంకనేసుకుని పెంచినాన్రా. ఆపమను," అంది అమ్మ.

"నీకూ ఓ స్థలం ఇప్పిత్తానప్పా. గోల సెయ్యకు."

చెంబెడు నూనె అతని ముఖాన కొట్టింది. అతను తల తిప్పేయడంతో కుడివైపే పడింది.

కన్ను మండి మావ ఇసుకలో దొర్లాడు. ఆ కేకలకు గొడ్డళ్లు ఆగాయి. తెచ్చిన మనుషులే అతన్ని వదిలేసి వ్యానెక్కి పారిపోయారు.

నాన్నను ఆటోలో పలాస ఆసుపత్రికి పంపి, అమ్మ తమ్ముణ్ణి ఇంటికి తెచ్చింది. సాయంత్రానికి అతని కుడి చెంప బొబ్బలెక్కింది. తల ఒళ్లో పెట్టుకుని, ఏడుస్తూ ఆముదం రాసింది.

"మండిపోతందప్పా."

"ఒక సెంప కాలింది. మళ్లీ గొడ్డలట్టుకొత్తే రెండోదీ ఉంది."

అడవి మిగిలింది. మరుసటి వేసవిలో, పనస జిగురు అంటకుండా అమ్మ కత్తిపీటకు నూనె రాసి గుమ్మంలో పెట్టింది. ఎవరూ రాలేదు. ఆ నూనె మీద దుమ్ము పేరుకున్నా తుడవనివ్వలేదు.